ఛార్జర్ పెట్టి ఉంచినా గేమింగ్ ల్యాప్‌టాప్ బ్యాటరీ తగ్గిపోతుంటే ఏం చేయాలి?

సంక్రాంతి వచ్చిందంటే భీమవరంలోని నా బల్ల మీదికి నాలుగైదు గేమింగ్ ల్యాప్‌టాప్‌లు తప్పకుండా వస్తాయి. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో పండుగకు వచ్చిన కుర్రవాళ్ల ఫిర్యాదు ఒక్కటే: ప్లగ్గు తీయనే లేదు, ఆట మొదలుపెట్టినప్పుడు 90 శాతం ఉన్న బ్యాటరీ రెండు గంటల్లో 40కి దిగింది, కొత్త బ్యాటరీ ఎంతవుతుంది? ఆ ప్రశ్నకు నేను ధర చెప్పను. పాడైన బ్యాటరీ ప్లగ్గు తీసిన తరువాత త్వరగా ఖాళీ అవుతుంది. ప్లగ్గు ఉండగానే ఖాళీ అవుతోందంటే, లోపలికి వచ్చే కరెంటు ఖర్చుకు చాలడం లేదని అర్థం. కాలువ నీరు శివారు వరకు అందనప్పుడు రైతు తన చెరువు నీటిని తోడుకున్నట్లే, ఛార్జర్ ఇచ్చేది చాలనప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీలో ఉన్నదాన్ని తోడుకుంటుంది. ఆ లోటు ఎక్కడుందో తేల్చకుండా బ్యాటరీ కొనడం డబ్బు దండగ.

కావలసినవి

ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన అసలు ఛార్జర్, చిన్న టార్చి, కాగితం, కలం, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే, ల్యాప్‌టాప్ లోపలి కొలతలను చూపే ఉచిత ప్రోగ్రామ్, ఒక గంట సమయం. వోల్టులు కొలిచే మల్టీమీటర్ అవసరం లేదు. ఎందుకు లేదో తరువాత చెబుతాను.

ఛార్జర్ మీది అక్షరాలు చదవడం

ఛార్జర్ అడుగున అవుట్‌పుట్ అని రాసి ఉన్నచోట వోల్టులను ఆంపియర్లతో గుణించాలి. 20 వోల్టులు, 11.5 ఆంపియర్లు అయితే 230 వాట్లు, 19.5 వోల్టులు, 9.23 ఆంపియర్లు అయితే 180 వాట్లు. పండుగకు వచ్చేవారిలో సగం మంది ఇటుకంత బరువున్న అసలు ఛార్జర్‌ను గదిలోనే వదిలి, తేలికైన టైప్-సి ఛార్జర్‌ను సంచిలో వేసుకుని వస్తారు. అది సాధారణంగా 65 లేదా 100 వాట్లకు మించి ఇవ్వదు. బ్రౌజింగ్‌కు అది చాలుతుంది గాని ఆటకు చాలదు. మీ సంగతి ఇదే అయితే తక్కినది చదవనక్కరలేదు, అసలు ఛార్జర్ తెప్పించుకోండి.

ఛార్జింగ్ పరిమితి, గోడ ప్లగ్గు

తయారీదారు ఇచ్చిన ప్రోగ్రామ్‌లో ఛార్జింగ్‌ను 60 లేదా 80 శాతం వద్ద ఆపే అమరిక ఉంటుంది. అది పనిచేస్తున్నప్పుడు 100 నుంచి మెల్లగా 80కి దిగడం జబ్బు కాదు.

ఛార్జర్‌ను నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడితే ఈ వ్యాసంలోని ఏ ఫలితాన్నీ నమ్మవద్దు. మన ఇళ్లలో ఎక్కువగా లైట్లు, ఫ్యాన్లు మాత్రమే ఇన్వర్టర్ లైను మీద ఉంటాయి కనుక, కరెంటు పోయినా గదిలో వెలుగు, గాలి ఉంటాయి. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడుతున్నవాడికి ప్లగ్ పాయింటు చచ్చిపోయిందన్న సంగతి తెలియదు. ఇలా బ్యాటరీని నిందిస్తూ వచ్చినవారు నాకు ఒకరిద్దరు కాదు. రొయ్యల చెరువుల పక్క ఊళ్లవారు మాత్రం లో ఓల్టేజీని అనుమానించి స్టెబిలైజర్ కొంటారు. ల్యాప్‌టాప్ ఛార్జర్లు 100 నుంచి 240 వోల్టుల వరకు దేనితోనైనా పనిచేసేలా తయారవుతాయి. ట్యూబ్‌లైటు కాస్త మసకబారినంత మాత్రాన వాటికి ఏమీ కాదు.

భారం మోపి కొలవడం

అందరూ చెడగొట్టేది ఈ మెట్టునే, కాబట్టి ఇక్కడ నిదానించండి. ఛార్జర్ కొనకు మల్టీమీటర్ ఆనించి, 20 వోల్టులు చూపగానే బాగుందని తేల్చే పద్ధతి మన పట్టణాల్లో బాగా పాతుకుపోయింది. ఏ భారమూ లేనప్పుడు అరిగిపోయిన ఛార్జర్ కూడా 20 వోల్టులు చూపగలదు. ఎడ్లను కట్టకుండా బండి గట్టిదని చెప్పడం లాంటిదే అది. ఛార్జర్ సత్తా తెలియవలసింది ఆట నడుస్తున్నప్పుడు, అదీ ఆ ల్యాప్‌టాప్ మీదనే.

పరీక్ష మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ 50 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. నిండుగా ఉన్నప్పుడు మొదలుపెడితే ల్యాప్‌టాప్ ఎలాగూ ఛార్జ్ చేసుకోదు, మీకు ఏమీ తెలియదు. ఛార్జింగ్ పరిమితి పెట్టి ఉంటే పరీక్ష సమయానికి దాన్ని తీసివేయాలి. యూఎస్‌బీకి తగిలించిన ఫోను, బయటి హార్డ్ డిస్కు తీసేయాలి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద కాకుండా గట్టి బల్ల మీద, వెనుక భాగం కాస్త ఎత్తుగా ఉండేలా పెట్టాలి. లిథియం బ్యాటరీ వేడి దాదాపు 45 డిగ్రీలు దాటితే చాలా ల్యాప్‌టాప్‌లు ఛార్జింగ్‌ను తామే ఆపేస్తాయి. అందుచేత రోహిణి కార్తె మధ్యాహ్నం ఫ్యాన్ కింద చేసిన పరీక్షకు విలువ లేదు. ఉదయం పూట చేయండి.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో సెన్సర్ల కిటికీ తెరిచి బ్యాటరీ విభాగంలో ఛార్జ్ రేట్ అనే వరుసను పట్టుకోండి. అంకె ముందు మైనస్ ఉంటే బ్యాటరీ నుంచి బయటకు పోతున్నట్లు, లేకుంటే లోపలికి వస్తున్నట్లు. ముందుగా ఏ ఆటా తెరవకుండా పది నిమిషాలు వదిలేయండి. ఈ దశలోనే మైనస్ కనిపిస్తే ఆట దాకా వెళ్లనక్కరలేదు: ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను గుర్తించడం లేదు, లేదా జాక్ (ఛార్జర్ కొన దూరే రంధ్రం) వదులైంది.

తరువాత గడియారం బొమ్మ నొక్కి లెక్కలను సున్నా చేసి, మీరు రోజూ ఆడే ఆటను అరగంట ఆడండి. మధ్యలో మోడ్ మార్చకూడదు, ప్లగ్గు కదపకూడదు, వేరే ఆటకు పోకూడదు. పది నిమిషాలకోసారి శాతం రాసుకోండి. చూడవలసింది సగటు చూపే నిలువు వరుసను మాత్రమే. క్షణానికోసారి మారే అంకె ఒక్కసారి మైనస్ 40 వాట్లు చూపగానే ఛార్జర్ పోయిందని ఫోన్ చేసేవారితో నేను విసిగిపోయాను. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ ఒకేసారి ఎగిసినప్పుడు ఆ కొసరును బ్యాటరీ నుంచి తీసుకునేలా చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లను తయారుచేసేవారే అమర్చారు. కోర్ ఐ7-12700హెచ్ గరిష్ఠంగా 115 వాట్లు లాగగలదు, ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్ కూడా 115 వాట్ల వరకు లాగగలదు. తెర, ఫ్యాన్లు కలపకముందే 230 వాట్ల ఛార్జర్ హద్దుకు చేరినట్లే.

లెక్క ఇలా చూడండి: 90 వాట్-అవర్ల (అంటే 90 వాట్లను ఒక గంట పాటు ఇవ్వగల) బ్యాటరీ గంటకు 10 శాతం తగ్గితే లోటు 9 వాట్లు మాత్రమే. ఇది అమరికలతో సరిచేసుకోదగ్గది. గంటకు 30 శాతం తగ్గితే లోటు 27 వాట్లు. అప్పుడు ఛార్జర్‌ను, జాక్‌ను అనుమానించాలి. పరీక్ష నడుస్తుండగా జాక్ దగ్గర కాలిన వాసన వచ్చినా, కొన చేయి పెట్టలేనంత వేడెక్కినా వెంటనే గోడ దగ్గర స్విచ్ ఆపండి.

ఫలితాన్ని బట్టి

లోటు చిన్నదైతే ల్యాప్‌టాప్‌ను పూర్తి వేగంతో నడిపే టర్బో మోడ్ వదిలేయండి. నా దృష్టిలో దానికి శబ్దం తప్ప ప్రయోజనం లేదు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మాక్స్ ఫ్రేమ్ రేట్‌ను (సెకనుకు తెర మీద గీసే చిత్రాల గరిష్ఠ సంఖ్యను) 60కి కట్టేయండి. అప్పటికీ తగ్గుతుంటే పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ కనిపిస్తే 99 పెట్టండి. ప్రాసెసర్ మామూలు వేగం దాటి ఎగిసే టర్బో ఆగిపోతుంది, వేడి కూడా తగ్గుతుంది.

లోటు పెద్దదైతే అన్నీ ఆపి, ప్లగ్గు తీసి, ఛార్జర్ కొనను టార్చితో చూడండి. కొన్ని కంపెనీల కొనల మధ్యలో సన్నని పిన్ను ఉంటుంది. ఛార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు తెలిసేది దాని ద్వారానే. అది వంగితే అసలు ఛార్జర్‌నే ల్యాప్‌టాప్ నమ్మదు. నరసాపురం, అంతర్వేది వైపు నుంచి వచ్చేవాటిలో ఉప్పుగాలికి పట్టిన పచ్చని చిలుము కూడా చూశాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టాలి. కొత్త ఛార్జర్ కొనవలసి వస్తే వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, వాట్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి. కొన్న రోజే అదే ఆటతో అదే అరగంట పరీక్ష మళ్లీ చేయండి, తేడా ఉంటే తిరిగి ఇచ్చేయవచ్చు.

వీటన్నిటికంటే ముందు చూడవలసింది ఒకటుంది. టచ్‌ప్యాడ్ ఉబ్బి పైకి లేచినా, ల్యాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోకపోయినా బ్యాటరీ ఉబ్బిందన్నమాట. అప్పుడు ఏ పరీక్షా చేయకూడదు, ప్లగ్గు పెట్టకూడదు, బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు. ఆపివేసి, తెలిసినవారి చేత తీయించి, చెత్తబుట్టలో కాకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. బ్యాటరీ కొనమని నేను మారు మాట్లాడకుండా చెప్పేది ఆ ఒక్క సందర్భంలోనే.