ఊళ్లోకి సూపర్‌మార్కెట్ వచ్చాక కిరాణా కొట్టు నిలబడాలంటే

ఊళ్లో పెద్ద సూపర్‌మార్కెట్ తెరవగానే చాలామంది కొట్టువాళ్లు కంగారుపడి అక్కడి ధరలే ఇక్కడా పెట్టేస్తారు. కొట్టు మునగడం అక్కడే మొదలవుతుంది. లెక్క చూడండి. 100 రూపాయల సరుకు మీకు 90కి పడితే మిగిలేది 10. పోటీకి దిగి 96కి అమ్మితే మిగిలేది 6. ఇదివరకు 100 ప్యాకెట్ల మీద వచ్చిన లాభం రావాలంటే ఇప్పుడు 167 అమ్మాలి. పక్కన అంత పెద్ద కొట్టు తెరిచిన నెలలో అది అయ్యే పని కాదు.

డీమార్ట్ లాంటి సంస్థలు లారీల లెక్కన కొంటాయి, డబ్బు త్వరగా కట్టి ఇంకాస్త తగ్గింపు రాబడతాయి. సబ్బులు, సర్ఫుల మీద వాళ్లతో తూగలేం. ఆ పని మానేసి, వాళ్లకి గిట్టని పనులు వెతుక్కోవాలి. తణుకైనా జగిత్యాలైనా దారి ఇదే.

ముందు పడిన ధర తేల్చుకోండి

సూపర్‌మార్కెట్ వస్తోందని తెలిసిన రోజునే ఒక నోటుపుస్తకం పెట్టండి. కొట్టులో 700 రకాలున్నా, ఎక్కువగా కదిలే 100 రకాలు రాస్తే చాలు. ఒక్కోదానికి మనకు పడిన ధర, అమ్మే ధర, వారంలో ఎన్ని పోయాయి. పడిన ధర అంటే బిల్లు మీద ఉన్నది ఒక్కటే కాదు.

50 కిలోల కందిపప్పు బస్తా 6,000కి వచ్చిందనుకోండి. కిలో 120 అని మనసులో అనేసుకుంటాం. బస్తా విప్పి తూచండి. గోనె బరువు పోయి, జల్లెడ పట్టాక నూక, పొట్టు పోయి, విడిగా తూచి ఇచ్చేటప్పుడు కాస్త మొగ్గు పోయి, చివరికి అమ్మగలిగింది 49 కిలోల 300 గ్రాములే అయితే? ఆటో, హమాలీ 40 రూపాయలు కలిపితే కిలో 122 రూపాయల 50 పైసలు. కవరుకి ఇంకో రూపాయి. అంటే 123 రూపాయల 50 పైసలు. 130కి అమ్మి కిలోకి పది మిగిలిందనుకునే కొట్టువాడికి నిజంగా మిగిలింది ఆరున్నర. 136కి అమ్మితేనే పన్నెండున్నర. ప్రతి లూజు సరుకునీ ఏడాదికి రెండుసార్లైనా ఇలా బస్తా విప్పి తూచి చూడాలి. కొత్త చింతపండు, బెల్లం లాంటివాటికి తరుగు ఇంకా ఎక్కువ, వాటిని ప్రతి బస్తాకీ చూడాలి.

పన్ను కూడా ఈ లెక్కలోదే. ఏడాది అమ్మకం ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. కోటిన్నర లోపు ఉన్నవాళ్లు కాంపోజిషన్ అనే సులువు పన్ను పథకంలో అమ్మకం మీద 1 శాతం కట్టి సరిపెట్టుకోవచ్చు. కానీ అప్పుడు సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి రాదు. దాన్ని పడిన ధరలోనే కలపాలి.

సేల్స్‌మన్ చెప్పే స్కీముల దగ్గర కూడా పెన్ను తీయండి. డజనుకి ఒకటి ఫ్రీ అంటే నూటికి 7 రూపాయల 70 పైసలు తగ్గినట్టు. బాగానే ఉంది. ఆ ఆశతో తెచ్చిన పెట్టెలు అమ్ముడవడానికి ఆరు నెలలు పడితే, సగటున మూడు నెలలు డబ్బు ఇరుక్కుంటుంది. రెండు రూపాయల వడ్డీ లెక్కన 6 రూపాయలు అక్కడే పోయాయి. నెలలో అమ్ముడయ్యేంతే స్కీములో తీసుకోండి.

సూపర్‌మార్కెట్ ధరతో తూగాల్సినవి 20 రకాలే

కొనేవాళ్లకి నోటికి వచ్చే ధరలు కొన్నే ఉంటాయి: పంచదార, సన్‌ఫ్లవర్ నూనె లీటరు ప్యాకెట్, కందిపప్పు, మినపగుళ్లు, గుడ్లు, టీపొడి, గోధుమపిండి, ఉల్లిపాయలు, ఇలా ఓ ఇరవై. కొట్టు మంచిదా ఖరీదైనదా అని తేల్చుకునేది వీటిని చూసే. సూపర్‌మార్కెట్‌కి మూడుసార్లు వెళ్లి ఈ ఇరవై ధరలూ రాసుకోండి: నెల మొదటివారంలో ఒకసారి, నెల మధ్యలో ఒకసారి, ఒక ఆదివారం. ప్రారంభం ఆఫర్లను పట్టించుకోకండి, అవి కొన్ని వారాలకు మించి ఉండవు. ఈ ఇరవైలో రెండు మూడు రూపాయల తేడా ఉన్నా పరవాలేదు. అక్కడికి వెళ్లిరావడానికి ఆటో ఖర్చు ఉందని జనానికీ తెలుసు. పది రూపాయల తేడా ఉంటే మాత్రం అబద్ధాలు చెప్పకుండా తగ్గించండి, తగ్గించిన ధర గుమ్మం దగ్గర పలక మీద రాసి పెట్టండి.

మిగతా రకాలకు ధర తగ్గించక్కర్లేదు. మీ దగ్గర వేరే ఎక్కడా లేని సౌకర్యం ఉంది: పావుకిలో, వంద గ్రాములు, పది రూపాయల పోపుదినుసులు. నెల సామాను అక్కడికి పోతుంది, దాని కోసం ఏడవద్దు. మధ్యలో అయిపోయే సరుకు, ఉదయం 6 గంటలకు కావాల్సిన పాలు, పెరుగు, దోసెపిండి మీవి. పెద్ద ప్యాకెట్లు సగానికి తగ్గించి ఆ అరల్లో చిన్నవి పెట్టండి.

లూజు సరుకుకి పన్నులో కూడా ఒక వెసులుబాటు ఉంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండ్ల మీద 5 శాతం జీఎస్టీ ఉంది. ఎదురుగా తూచి ఇచ్చే లూజు సరుకు మీద లేదు. మిల్లులు 26 కిలోల బియ్యం బస్తాలు కుట్టడం మొదలుపెట్టింది ఇందుకే. తీరిక వేళ కిలో, అరకిలో కవర్లు కట్టి వరసగా పేర్చి పెడితే మాత్రం అది ప్యాక్ చేసిన సరుకు కిందికి వస్తుంది. ప్యాక్ చేసినవాళ్ల పేరు, చిరునామా, నికర బరువు, ప్యాక్ చేసిన నెల, ఎమ్మార్పీ అన్నీ ఉండాలి, లేకపోతే తనిఖీలో జరిమానా. ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా ముద్ర వేయించుకోండి. కాటా అంకెలు కొనేవాళ్ల వైపు కనపడేలా తిప్పి, ఖాళీ పళ్లెంలో సున్నా చూపించి తూచండి. ఆ పైన నాలుగు గింజలు కొసరు వేయండి. నమ్మకం నిలిచేది అక్కడే.

సీజను సరుకులో లాభం నిలకడగా ఉంటుంది. ఆవకాయ రోజులు చూడండి. ఏప్రిల్ రెండో వారానికల్లా ఒక మూలంతా ఆవకాయ సామానుకే ఇవ్వాలి. 5 కిలోల ముక్కలకు కిలో కారం, కిలో ఆవపిండి, ముప్పావు కిలో దంచిన కల్లుప్పు, 2 లీటర్ల నువ్వులనూనె, 100 గ్రాముల మెంతులు, అరకిలో వెల్లుల్లి. ఇళ్లను బట్టి కొలత మారుతుంది, అడిగి మార్చి ఇవ్వండి. కారం గుంటూరు మిరపది తీసుకుని, ఎరుపు కోసం వరంగల్ చపాటా కొంచెం కలిపి ఆడించాలి. ఆవాలు ఎండబెట్టి వారానికి సరిపడానే ఆడించండి. నెల ముందే ఆడిస్తే ఘాటు చచ్చిపోతుంది, ఊరగాయ పాడైతే నింద మీకే వస్తుంది. ఉగాదికి వేపపువ్వు, కొత్త చింతపండు, బతుకమ్మకి నువ్వులు, పల్లీలు, బెల్లం, కార్తీకంలో ఒత్తులు, ప్రమిదలు కూడా పది రోజుల ముందే తెచ్చి కనపడేలా పెట్టండి.

అప్పు

సూపర్‌మార్కెట్ వచ్చాక నగదు అక్కడికి, అప్పు మన దగ్గరికి వస్తాయి. కొట్టువాళ్ల గుండెల్లో గుచ్చుకునేది ఇదే. అలాగని ఒక్కరోజులో అప్పు ఆపేస్తే పాతికేళ్ల ఇళ్లు కూడా దూరమవుతాయి. పద్ధతి మార్చండి. ఒక్కో ఇంటికి ఒక హద్దు: ఆ ఇల్లు నెలకు సగటున కొనేదాంట్లో సగం. జీతాల ఇళ్లకు 10వ తేదీ గడువు, కూలి ఇళ్లకు వారం గడువు. పద్దు రాసిన వెంటనే ఆ పేజీ ఫొటో వాట్సాప్‌లో పంపితే నెలాఖరులో మాట తేడా రాదు.

బాకీ పెరిగిన మనిషి కొట్టు ముందు నడవడానికి మొహమాటపడి వేరే వీధిలోంచి వెళ్తాడు. నగదు చేతిలో ఉన్నా సూపర్‌మార్కెట్‌లోనే ఖర్చుపెడతాడు. బాకీతోపాటు బేరమూ పోయినట్టే. అందుకని పాత బాకీని విడిగా ఒక పేజీలో మూసేసి, వారానికి 200, 300 చొప్పున తీసుకుంటామని మీరే ముందు చెప్పండి. కొత్త సరుకు నగదుకి ఇవ్వండి. ఎదురుగా నలుగురుండగా అడక్కండి.

కలిసి కొనడం

నాలుగైదు కొట్లు కలిస్తే తాండూరు కందిపప్పు, అనకాపల్లి బెల్లం, నిజామాబాద్ పసుపు దగ్గరి హోల్‌సేలర్ని దాటి తెప్పించుకోవచ్చు. మొదటిసారి పది బస్తాలకు మించవద్దు. డబ్బు ముందే వసూలు చేయాలి, సరుకు దిగగానే అందరి ముందు తూచి పంచాలి, తరుగు అందరూ సమానంగా భరించాలి. ఈ మూడూ ముందే అనుకోకపోతే రెండో లోడుకే పొత్తు చెడుతుంది.

కొన్నిసార్లు డీలరు ఇచ్చే ధరకన్నా సూపర్‌మార్కెట్ అమ్మే ధరే తక్కువ ఉంటుంది. అక్కడ కొని ఇక్కడ అమ్మడం తప్పు కాదు, కానీ గడువు తీరితే డీలరు వెనక్కి తీసుకోడు. వారంలో పోయే రెండు మూడు రకాలకే ఆ పని చేయండి.

అద్దాలు, ఏసీ, కొత్త అరల కోసం మొదటి ఏడాది అప్పు చేయకండి. మీ జీతం 15,000 అని ఖర్చులో రాసుకోండి, అద్దె, కరెంటు, వడ్డీ కలపండి, సొంత షెడ్డయినా అద్దె వేయండి. ఆరు నెలల సగటు లాభం ఆ ఖర్చుకి చాలకపోతే ముందు కదలని 200 రకాలు వదిలించుకుని, సగం జాగా టైలరుకో, మొబైల్ రిపేరుకో అద్దెకివ్వండి. ఆ వదిలించుకున్న సరుకు డబ్బుతోనే డీలర్ల బాకీలు తీర్చండి.