మొండికేసిన బైక్ ప్యానెళ్లను విరగకుండా విప్పడం

ప్యానెల్ ఎంతకీ ఊడి రావడం లేదంటే, చాలాసార్లు కంటపడని స్క్రూ ఒకటి ఎక్కడో మిగిలి ఉన్నట్టే. కాబట్టి బలం ప్రయోగించే ముందు సీటు తీసి, దాని అంచు కింద, మడ్‌గార్డు లోపలి వైపు టార్చిలైటు వేసి వెతకాలి. జపాన్ బైకుల్లో కనిపించే జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) స్క్రూలు అచ్చం ఫిలిప్స్ స్క్రూల్లాగే, అంటే తలపై ప్లస్ గుర్తు గాడి ఉండే మామూలు స్క్రూల్లాగే ఉంటాయి గాని, మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వాటిలో సరిగా కూర్చోక జారి, తలను అరగదీస్తుంది. స్క్రూలకు బదులు ప్యానెల్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ పుష్ క్లిప్పుల్లో కొన్నింటి నడిమి పిన్నును కొద్దిగా లోపలికి నొక్కాలి, కొన్నింటిని పైకి లాగాలి.

అసలు చిక్కు రబ్బరు గ్రోమెట్ల దగ్గరే, అంటే ప్యానెల్ బొడిపెలు దూరే రబ్బరు రింగుల దగ్గరే. ప్యానెల్ వెనుకనున్న బొడిపె ఏళ్ల తరబడి ఆ రబ్బరులో ఇరుక్కుని బిగుసుకుపోతుంది; అంచు పట్టుకొని లాగితే అది మొదలంటా విరుగుతుంది. అందువల్ల వేళ్లను వీలైనంతగా బొడిపె దగ్గరికి పోనిచ్చి, సబ్బునీళ్లో సిలికాన్ స్ప్రేయో పట్టించి, వంకర లేకుండా తిన్నగా బయటికి లాగాలి. పెట్రోలు మాత్రం పూయకూడదు, ప్యానెళ్లకు వాడే ఏబీఎస్ రకం ప్లాస్టిక్ పగుళ్లు బారుతుంది. చలికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది గనుక, హెయిర్ డ్రయ్యర్‌తో చేతికి వెచ్చగా తగిలేంతవరకు వేడిచేస్తే మెత్తబడుతుంది.

గ్రోమెట్లు వదిలినా ప్యానెల్ కదలకపోతే, లోపల కొక్కేల్లాంటి ట్యాబులు పట్టి ఉంటాయి; వాటిని లాగకుండా, ముందుకో వెనక్కో జరిపి తప్పించాలి. ఇండికేటర్ వైరు కనెక్టరును విడదీశాకే ప్యానెల్‌ను పక్కన పెట్టాలి.