1720 షేర్ల పతనం నాటి వ్యంగ్యచిత్రాలు: నింద ఎవరిమీద వేశారో చదివే పద్ధతి

లండన్‌లో ప్రభుత్వ అప్పును తన షేర్లుగా మార్చే పథకం నడిపిన సౌత్ సీ కంపెనీ షేరు 1720 జనవరిలో సుమారు 128 పౌండ్లు. వేసవిలో వెయ్యి దాకా ఎగబాకి, ఏడాది ముగిసేసరికి మొదలైన చోటికే పడిపోయింది. అదే ఏడాది పారిస్‌లో స్కాట్లండ్‌కు చెందిన ఆర్థికవేత్త జాన్ లా నడిపిన మిసిసిపీ కంపెనీ కూడా కూలింది. ఆ కోపాన్నంతా వ్యంగ్యచిత్రాలుగా రాగిరేకులపై చెక్కి అచ్చువేశారు. ఈ చిత్రాలను చాలామంది ‘జనం అత్యాశకు గుణపాఠం’ అనుకుని వదిలేస్తారు. మా దృష్టిలో అది సగం చదువే. ఒక్కో చిత్రం నిందను ఒక్కోచోట మోపుతుంది, అది ఎక్కడో పట్టుకోవాలి.

ముందు చిత్రం పెద్ద సైజు ప్రతి సంపాదించండి. బ్రిటిష్ మ్యూజియం, ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం వెబ్‌సైట్లలో దొరుకుతాయి. చిన్న బొమ్మతో పని జరగదు, ఎందుకంటే అసలు ఆరోపణ తరచూ చిన్నచిన్న అక్షరాల్లో ఉంటుంది.

తర్వాత తేదీ. అప్పటి ఇంగ్లండ్‌లో అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పత్రంలో ‘1720 జనవరి’ అని ఉంటే అది మన లెక్కలో 1721 కావచ్చు. ఇక్కడ పొరబడితే పతనం తర్వాతి చిత్రాన్ని షేరు పెరుగుతున్న రోజులకు అంటగడతారు. ఆమ్‌స్టర్‌డామ్ తేదీలు లండన్ కంటే 11 రోజులు ముందుంటాయని కూడా గుర్తుంచుకోండి.

మూడోది, అది అసలా, నకలా? అచ్చు చిత్రాన్ని చూసి నేరుగా రేకుపై చెక్కితే బొమ్మ కుడిఎడమలు తారుమారవుతుంది. అందరూ ఎడమచేత్తో రాస్తుంటే అనుమానించండి. నకలు చేసేటప్పుడు చోటు కూడా మారుస్తారు. ఫ్రెంచ్ చిత్రకారుడు బెర్నార్ పికార్ చిత్రంలో అదృష్టదేవత రథాన్ని కంపెనీలకు ప్రతీకలైన మనిషి రూపాలు లాగుతుంటాయి, తోలేది మూర్ఖత్వం, చేరేది ఆసుపత్రి, పిచ్చాసుపత్రి, పేదల ఆశ్రమాల గుమ్మాలకు. అందులోని కాఫీ హౌస్ లండన్ ప్రతిలో, అక్కడ షేర్ల బేరాలు జరిగే జొనాథన్స్ కాఫీ హౌస్ అయింది. నింద ఊరు మారిందన్నమాట.

ఇక బొమ్మలోకి. ఇంగ్లిష్ చిత్రకారుడు విలియమ్ హోగార్త్ చెక్కిన సౌత్ సీ చిత్రం సాధనకు మంచిది. కింద పద్యం ఉంటుంది, మధ్యమధ్య బ్రాకెట్లలో అక్షరాలుంటాయి. ముందు పద్యం చదివి ఆ అక్షరాలను బొమ్మలో వెతకండి. A దెయ్యం దుకాణం. B అదృష్టదేవత, ఆమె శరీరాన్ని దెయ్యం నరికి జనంలోకి విసురుతోంది. G స్వార్థం, F దుర్మార్గం. నిజాయితీని, గౌరవాన్ని శిక్షిస్తున్నది ఆ ఇద్దరే. మధ్యలో రంగులరాట్నం, దానిమీద సమాజంలోని రకరకాల మనుషులు. కుడి మూలన దిక్కులేక పడి ఉన్నది వ్యాపారం.

ఇప్పుడు కాగితంపై నాలుగు గడులు గీయండి: ఎవరు, ఏం చేస్తున్నారు, ఏ నేరం మోపారు, రికార్డులో ఏముంది. చివరి గడే ముఖ్యం. బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ రహస్య కమిటీ కంపెనీ ఇచ్చిన లంచాల గుట్టు రట్టు చేసింది. ఆర్థికమంత్రిగా పనిచేసిన జాన్ ఐస్లబీని 1721 మార్చిలో సభ నుంచి వెళ్లగొట్టి లండన్ టవర్ జైల్లో పెట్టారు. డైరెక్టర్ల ఆస్తులు జప్తు చేశారు. కంపెనీ కోశాధికారి రాబర్ట్ నైట్ అప్పటికే దేశం దాటేశాడు. వీళ్లలో హోగార్త్ బొమ్మలో పేరుతో కనిపించేవాళ్లు ఎవరూ లేరు. అక్కడ కనిపించేది గుంపు, ఆడవాళ్లు, వేర్వేరు మతాల గురువులు. యూదుణ్ణి జూదంలో కూర్చోబెట్టడం అప్పటి దురభిప్రాయమే కానీ సాక్ష్యం కాదు. దాన్ని ఆ గడిలో సూటిగా అలాగే రాయండి.

దీని పక్కన 1721 నాటి ‘బ్రబాంట్ తెర’ చిత్రం పెట్టి చూడండి. బ్రబాంట్ అంటే నైట్ పారిపోయిన ప్రాంతం. నైట్ పారిపోవడం వెనుక రాజు ప్రియురాలు కెండాల్ డచెస్ ఉన్నట్టు గీశారు. తెర అంటే పెద్దలను కాపాడటం. మంత్రి రాబర్ట్ వాల్‌పోల్‌ను జనం ఎద్దేవా చేసింది కూడా ఆ మాటతోనే. ఇక్కడ నింద పైకి పోతోంది, హోగార్త్ దగ్గర పక్కకు చెదిరిపోయింది.

డచ్చివాళ్ల వ్యంగ్యచిత్రాల సంకలనం ‘మూర్ఖత్వపు మహా దృశ్యం’ చూసేటప్పుడు మరో జాగ్రత్త కావాలి. అందులో కొన్ని పాత రేకులకే కొత్త పేరు తగిలించి వాడారు, ప్రతికీ ప్రతికీ పుటలు కూడా తేడా ఉంటాయి. కాబట్టి ఏ గ్రంథాలయం ప్రతి చూశారో రాసుకోండి, దుస్తులు 1720 కంటే పాతవిగా కనిపిస్తే ఆ బొమ్మను పతనానికి సాక్ష్యంగా వాడకండి, దాని కింది రాతను మాత్రమే వాడండి.