పాఠాల సాఫ్ట్‌వేర్‌ను తరగతికి తెచ్చే ముందు పరీక్షించే విధానం

అమ్మేవారు చూపించే బొమ్మల వీడియోను పక్కన పెట్టి, వచ్చే వారం మీరు చెప్పబోయే పాఠాన్నే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. ఆరో తరగతి విజాతి భిన్నాల కూడిక అనుకుందాం. 2/3, 1/4 కూడమంటే చాలామంది పిల్లలు లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కలిపి 3/7 అని రాస్తారు. మీరూ కావాలనే ఆ తప్పు జవాబు ఇవ్వండి. ఎర్ర గుర్తు చూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయేదైతే అది పరీక్ష పెట్టగలదే గానీ పాఠం చెప్పలేదు. హారాలు రెండింటినీ 12 చేసుకుని, 8/12కు 3/12 కలిపితే 11/12 వస్తుందని అంచెలంచెలుగా చూపాలి. ఆ తర్వాత 22/24 అని ఇచ్చి చూడండి. విలువ ఒకటే కాబట్టి తప్పని కొట్టివేయకుండా సూక్ష్మరూపంలో రాయమని చెప్పాలి. నా దృష్టిలో మిగతా పరీక్షలన్నిటికంటే ఇదే ముఖ్యం, ఎందుకంటే వెనకబడిన పిల్లలకు అక్కడే సాయం కావాలి.

పారిభాషిక పదాలు మన పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయా, క్ష, జ్ఞ వంటి అక్షరాలు తెరపై విడిపోతున్నాయా అన్నది కూడా చూడాలి. నారాయణపేటలో ఇంట కన్నడ మాట్లాడే పిల్లలు, దేవరకొండ తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలు ఉంటారు కాబట్టి వాక్యాలు చిన్నవిగా ఉండాలి, ప్రశ్నను చదివి వినిపించే సదుపాయమూ ఉండాలి.

అమ్రాబాద్ వైపు నల్లమల ఊళ్లలో సిగ్నల్‌ను నమ్ముకోలేం. అందుకే నెట్ ఆపేసి ఒక పాఠం నడపండి, మధ్యలో పరికరాన్ని కూడా ఆపి, మళ్లీ తెరిచినప్పుడు ఆగిన చోటి నుంచే మొదలవుతుందో లేదో గమనించండి. రేఖాగణితానికి వాడే జియోజీబ్రాను కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకున్నా పనిచేస్తుంది. తరగతిలో వాడుకోవడానికి ఉచితం కూడా.

పిల్లల పేరు, ఫోన్ నంబరు, ఫొటో అడిగితే ఎందుకో రాతపూర్వకంగా తెలుసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే పరిగణిస్తుంది. వారి వివరాలు వాడటానికి తల్లిదండ్రుల అనుమతి అవసరమని చెబుతుంది.

ఇవన్నీ కుదిరాక, చదువులో ముందున్నవారినీ వెనకబడినవారినీ కలిపి కొద్దిమందికి ఒక పాఠం ఇవ్వండి. వారం తర్వాత అవే తరహా లెక్కలను తెర లేకుండా కాగితం మీద చేయించి, ఆ జవాబులు దిద్దిన తర్వాతే ప్రధానోపాధ్యాయులకు మీ అభిప్రాయం రాసి ఇవ్వండి.