మీ షాపు ఫోన్ మ్యాపులో సరిగ్గా కనబడాలంటే ఎలా చేయాలి?

మా అత్తయ్య తెనాలిలో ఇంటి ముందు గదిలో టైలరింగ్ షాపు నడుపుతుంది. బ్లౌజులు, ఫాల్-పీకో, పెళ్ళిళ్ల సీజన్లో మగ్గం వర్క్. పోయిన శ్రావణంలో ఆవిడకు వచ్చిన ఫోన్లు సగం ఒకటే రకం: "ఆంటీ, మ్యాప్ చూపించిన చోటికే వచ్చాం, ఇక్కడ గోడ తప్ప ఏమీ లేదేంటి?" తీసి చూస్తే, ఎవరో పుణ్యాత్ములు మ్యాపులో పెట్టిన పిన్ ఇంటి వెనక సందులో ఉంది. అటు నుంచి ఇల్లు కనబడుతుంది కానీ దారి లేదు. ఫోన్ చేసినవాళ్లు తిరిగి వచ్చారు. చెయ్యనివాళ్లు ఎంతమంది వెనక్కి పోయారో తెలియదు.

ఆవిడేమో "యాడ్ వేయిద్దాంరా" అంటోంది. ముందు పిన్ జరుపుదాం అన్నాను నేను. చేసిన వరుసలోనే చెబుతాను.

1. ముందు వెతకండి

గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు పేరు, ఆ తర్వాత ఫోన్ నంబరు కొట్టి చూడండి. మీకు తెలియకుండానే ఏ కస్టమరో చేర్చి ఉండొచ్చు. ఉంటే, ఆ వ్యాపారం మీదేనని క్లెయిమ్ చేసుకునే ఆప్షన్ అక్కడే ఉంటుంది. లేకపోతేనే కొత్తగా చేర్చండి. ఒకే షాపు రెండుసార్లు ఉంటే రివ్యూలు చెరో చోట పడతాయి.

మ్యాపులో కనబడే మీ షాపు పేజీని గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటారు. 2014లో గూగుల్ మై బిజినెస్ పేరుతో మొదలై, 2021లో పేరు మారింది. విడిగా యాప్ అక్కర్లేదు, మ్యాప్స్‌లోంచే నడపవచ్చు. పైసా ఖర్చు లేదు. ఒక్క జాగ్రత్త: ఓనరు జీమెయిల్‌తోనే చేయండి. మా వీధిలో ఒకాయన డబ్బులిచ్చి ఎవరో కుర్రాడితో చేయించుకున్నాడు. ఇప్పుడు షాపు టైము మార్చాలన్నా ఆ కుర్రాడిని బతిమాలుకోవాలి.

2. బోర్డు మీద ఉన్న పేరే రాయండి

"బెస్ట్ బ్లౌజ్ స్టిచింగ్ మగ్గం వర్క్ తెనాలి" అని పేరు పక్కన తగిలిస్తే పైన వస్తామని కొందరి నమ్మకం. అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్‌నే ఆపేయొచ్చు. మీరేం చేస్తారో చెప్పడానికి కేటగిరీ, సేవలు, 750 అక్షరాల వివరణ ఉన్నాయి. అందులో తెలుగులోనూ రాయండి. ఇప్పుడు చాలామంది ఫోన్‌తో మాట్లాడే వెతుకుతున్నారు.

3. పిన్‌ను గుమ్మం ముందుకు తెండి

అసలు పని ఇదే. అడ్రస్ టైప్ చేసి వదిలేస్తే పిన్ వీధి మధ్యలోనో, పక్క వీధిలోనో పడుతుంది. శాటిలైట్ బొమ్మ పెట్టుకుని, బాగా దగ్గరకు జూమ్ చేసి, మీ గేటు ఏ రోడ్డు వైపు తెరుచుకుంటుందో ఆ వైపుకు పిన్ లాగండి. ఇంటి కప్పు మధ్యలో పెట్టకండి. ఇంటికి రెండు వైపులా రోడ్డుంటే మ్యాప్ తప్పు రోడ్డు ఎంచుకోవచ్చు. మా అత్తయ్య కష్టం సరిగ్గా ఇదే. మార్పు పంపడం ఐదు నిమిషాల పని, అది మ్యాపులో కనబడటానికి మాత్రం కాస్త ఆగాలి.

తర్వాత వేరే వాళ్ల ఫోన్ తీసుకుని, బస్టాండు నుంచి దారి పెట్టుకుని బండి మీద రండి. మీకు దారి తెలుసన్న సంగతి మర్చిపోయి, అది చెప్పినట్టే తిరగండి.

మన అడ్రసులు డోర్ నంబర్లతో కాదు, "రామాలయం వెనక, వాటర్ ట్యాంకు ఎదురుగా" అన్న మాటలతో నడుస్తాయి. అడ్రసులో ఆ ముక్క చేర్చండి. 2025లో తపాలా శాఖ తెచ్చిన డిజిపిన్ కూడా ఉంది: దేశాన్ని దాదాపు నాలుగు మీటర్ల గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. తపాలా శాఖతో ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్ఆర్ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్) కలిసి చేసిన పని. బాగుంది కానీ, బ్లౌజు ఇవ్వడానికి వచ్చే ఆవిడకు ఈరోజుకి వాటర్ ట్యాంకే నయం.

మీరే కస్టమర్ల ఇళ్లకు వెళ్లే పనైతే ఇంటి అడ్రస్ దాచి, తిరిగే ఊళ్లు మాత్రం ఇవ్వవచ్చు, ఇరవై వరకు. ఒంటరిగా ఉండే ఆడవాళ్లకు ఇదే మంచిది.

4. వెరిఫికేషన్

షాపు నిజంగా మీదేనని నిరూపించమని గూగుల్ ఎక్కువసార్లు వీడియో అడుగుతుంది. ఆపకుండా ఒకే ముక్కగా తీయాలి: వీధి, బోర్డు, మీరు తాళం తీయడం, లోపల కుట్టు మిషన్లు. మనుషుల ముఖాలు పడకుండా చూసుకోండి.

ఈ దశలోనే "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, వెరిఫై చేయడానికి ఇంత కట్టండి, ఓటీపీ చెప్పండి" అంటూ కాల్స్ రావచ్చు. వెరిఫికేషన్ ఉచితం. ఫోన్ పెట్టేయండి.

5. టైమింగ్స్, ఫోటోలు, రివ్యూలు

మధ్యాహ్నం భోజనానికి మూసేస్తే అదీ రాయండి. సంక్రాంతికి, ఉగాదికి విడిగా వేళలు పెట్టవచ్చు. షాపు తెరిచే ఉందని ఫోన్ చెప్పి, ఎండలో వచ్చి తాళం చూసినవాళ్లు మళ్లీ రారు. ఫోటోల్లో మొదటిది వీధిలోంచి తీసిన బోర్డు ఉండాలి, పనితనం ఆ తర్వాత.

రివ్యూ కోసం డిస్కౌంట్ ఇవ్వడం నిబంధనల ప్రకారం తప్పు. రివ్యూ లింకు క్యూఆర్ కోడ్‌గా ప్రింటు తీసి అద్దం పక్కన అంటించండి, బ్లౌజు వేసుకుని బాగుందన్న క్షణంలో అడగండి. తిట్టినవాళ్లకు కూడా మర్యాదగా జవాబివ్వండి. చదివేది వాళ్లొక్కరే కాదు.

ఎవరు పైన కనబడాలన్నది వెతికిన మాటకు పొంతన, దూరం, పేరు ప్రఖ్యాతులను బట్టి ఉంటుందని గూగులే చెబుతుంది. దూరం మన చేతిలో లేదు. మిగతా రెండూ ఉన్నాయి.

6. వాట్సాప్ బిజినెస్

ఇది వ్యాపారాల కోసం ఉన్న వాట్సాప్ యాప్. అందులో మీ ప్రొఫైల్‌లో లొకేషన్ పెట్టి, మ్యాప్ లింకును క్విక్ రిప్లైగా (ముందే రాసి పెట్టుకునే జవాబుగా) దాచుకోండి. "ఎక్కడండీ?" అన్నవాళ్లకు రెండు నొక్కుల్లో వెళుతుంది. కేటలాగ్‌లో డిజైన్లు, ధరలు పెట్టండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టు (ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపేది) మెసేజ్ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, కాబట్టి కొలతలు తీసుకునేటప్పుడే అడిగి సేవ్ చేయించండి.

7. యాడ్ ఆఖర్న

ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో షాపు చుట్టూ ఇన్ని కిలోమీటర్లని గిరి గీసి, ఆ లోపల ఉన్నవాళ్లకే యాడ్ చూపించవచ్చు. బ్లౌజు కోసం గుంటూరు నుంచి ఎవరూ రారు. మూడు నాలుగు కిలోమీటర్లు చాలు. వారం పాటు చిన్న మొత్తంతో వేసి, గూగుల్ ప్రొఫైల్‌లోని పెర్ఫార్మెన్స్ పేజీలో కాల్స్, దారి అడిగినవాళ్ల లెక్క ముందు వారంతో పోల్చండి.

అత్తయ్య ఆ పేజీ చూడదు. కొలతల పుస్తకంలో కొత్త పేరు రాసినప్పుడల్లా "ఎలా తెలిసిందమ్మా?" అని అడిగి, పక్కన "మ్యా" అనో "పక్కింటి" అనో రాస్తుంది. ఈ శ్రావణానికి యాడ్ వేయాలా వద్దా అన్నది ఆ పుస్తకం చూసే తేలుస్తానంది.