రావాల్సినవాళ్లు వచ్చేలా: చిన్నపిల్లల తల్లిదండ్రులకు గ్రూప్ నడపడం ఎలా

పేరెంటింగ్ గ్రూప్, అంటే చిన్నపిల్లల తల్లిదండ్రులు వారం వారం కలిసి పెంపకంలో మెళకువలు నేర్చుకునే గ్రూప్, మొదలుపెట్టాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది సిలబస్ గురించి. ఏ వారం ఏం చెప్పాలి, ఏ వీడియో చూపించాలి అని. అది తర్వాత చూద్దాం. ముందు గుమ్మం దగ్గర సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ పనిలో అసలు చిక్కంతా అక్కడే ఉంది: ఈ సాయం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే రారు. చేతిలో డబ్బు ఆడక, రెండు చోట్ల పని చేసుకుంటూ, ఒంటరిగా పిల్లల్ని పెంచుతూ, లేదా ఇంట్లో రోజూ గొడవలతో నలిగిపోతున్న తల్లికి సాయంత్రం రెండు గంటలు దొరకడమే గగనం. దానికి తోడు ‘పిల్లల్ని పెంచడం చేతకానివాళ్లకు శిక్షణ’ అన్నట్టు కనిపించే చోటికి ఎవరు మాత్రం వస్తారు?

కాబట్టి పోస్టర్ మీద ‘రిస్క్’, ‘సమస్య’ లాంటి మాటలు ఒక్కటీ లేకుండా చూసుకోండి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలున్న ఇంటి నుంచి ఎవరైనా రావచ్చని రాయండి, నిజంగానే అందర్నీ రానివ్వండి. పెద్ద ఇబ్బందులు లేని ఇళ్ల నుంచి కూడా నలుగురు వస్తే మిగతావాళ్లకు బెరుకు పోతుంది. పోస్టర్ అంటించేసి ఊరుకోవద్దు. ఆ తల్లికి బాగా తెలిసిన మనిషి, బాబు టీచరో, టీకాలు వేసే నర్సో, ఎదురింటావిడో, "నేనూ వెళ్తున్నా, పద" అంటే కదిలినంతగా ఇంక దేనికీ కదలరు.

ఇక చోటు. పిల్లల బడి, లైబ్రరీ, కమ్యూనిటీ హాలు, ఏదైనా సరే, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండాలి. దీనికి గట్టి ఆధారమే ఉంది. కెనడాలోని హామిల్టన్‌లో చార్ల్స్ కన్నింగ్‌హామ్, ఆయన సహచరులు 1995లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లల ప్రవర్తనతో ఇబ్బంది పడుతున్న 150 కుటుంబాలను లాటరీ తీసినట్టు మూడు భాగాలు చేశారు: కొందరికి ఇంటి దగ్గరలో పెద్ద గ్రూపులు, కొందరికి క్లినిక్‌లో విడివిడిగా శిక్షణ, మిగతావాళ్లు వెయిటింగ్ లిస్టులో. వేరే దేశం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, ఇంగ్లీషు సొంత భాష కానివాళ్లు, మరీ ఎక్కువ మొండితనం చేసే పిల్లల తల్లిదండ్రులు క్లినిక్ కంటే ఇంటి దగ్గరి గ్రూపుల్లోనే ఎక్కువగా చేరారు. పిల్లల ప్రవర్తన కూడా గ్రూపుల్లోనే ఎక్కువ మెరుగుపడింది, ఆరు నెలల తర్వాత చూస్తే ఆ మార్పు బాగా నిలబడింది. గ్రూపుకు 18 కుటుంబాలుంటే క్లినిక్‌లో విడివిడి శిక్షణతో పోలిస్తే ఖర్చు పరంగా ఆరు రెట్లకు పైగా కలిసొస్తుందని లెక్క తేల్చారు. క్లినిక్ మెట్లెక్కడానికి వెనకాడినవాళ్లు పక్కవీధి హాలుకు వచ్చారంటే, అందులో మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

టైము మీకు వీలైనది కాకుండా వాళ్లకు కుదిరేది పెట్టండి, వీలైతే పగలు ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్. పక్క గదిలో పిల్లల్ని చూసుకునే మనిషి తప్పనిసరి. బడ్జెట్ సరిపోకపోతే ప్రింటింగ్ మానేయండి, ఆ మనిషిని మాత్రం మానేయొద్దు. ఇద్దరు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లికి మీరు చెప్పేది ఒక్క ముక్క కూడా చెవికెక్కదు.

ఇప్పుడు లోపల ఏం చేయాలో చూద్దాం. ముందు మీకు స్పష్టంగా ఉండాల్సిన విషయం ఒకటుంది. పిల్లాడు ఏదో అడుగుతాడు, అమ్మ వద్దంటుంది, వాడు ఏడుపు లంకించుకుంటాడు, అమ్మ అరుస్తుంది, వాడు కింద పడి దొర్లుతాడు, ఆమె ఓపిక అయిపోయి ఇచ్చేస్తుంది. ఏడుపు ఆగింది, ఇద్దరికీ ప్రాణం హాయిగా ఉంది. కానీ గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని వాడు నేర్చుకున్నాడు, ఇచ్చేస్తే గోల ఆగుతుందని ఆమె నేర్చుకుంది. ఒక్కోసారి ఇది తిరగబడి, ఆమె చెయ్యి చేసుకుంటే వాడు ఊరుకుంటాడు, అప్పుడు కొట్టడం అలవాటవుతుంది. అమెరికన్ సైకాలజిస్ట్ గెరాల్డ్ ప్యాటర్సన్ ఏళ్ల తరబడి కుటుంబాలను గమనించి వివరించిన చక్రం ఇదే. ఇంట్లో టెన్షన్ ఎంత ఎక్కువుంటే ఈ చక్రం అంత వేగంగా తిరుగుతుంది. ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కాదు, ఆ మాట మొదటి రోజే గట్టిగా చెప్పండి.

అందర్నీ వరసగా కూర్చోబెట్టి లెక్చర్ ఇవ్వకండి. ఐదారుగురు చొప్పున చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, తప్పుగా వ్యవహరిస్తున్న పేరెంట్ వీడియో చిన్నది ఒకటి చూపించి, ఎక్కడ తేడా కొట్టింది, మీరైతే ఏం చేస్తారు అని అడగండి. కన్నింగ్‌హామ్ గ్రూపులు నడిచింది దాదాపు ఇలాగే. జవాబు మీ నోటి దాకా వచ్చినా ఆపుకోండి. పక్కింటామె చెప్పిన ఉపాయం ఇంటికెళ్లి చేసి చూస్తారు, మీరు చెప్పింది తలూపి మర్చిపోతారు.

తర్వాత చేసి చూపించాలి. ఒక సాయంత్రం ఒక నాన్నగారు పిల్లాడి వేషం వేశారు, ఒక కాలికి బూటు తొడుక్కుని నేల మీద కూర్చున్నారు. అమ్మ పాత్ర వేసినావిడ గది అవతలి నుంచి "వేసుకో, వేసుకో, వేసుకోమంటున్నానా" అని ఆరేడు సార్లు అంది. ఆయన తల కూడా ఎత్తలేదు. "ఎందుకు వినలేదండీ?" అని అడిగితే, కాసేపాగి, "దూరం నుంచి అంటుంటే నాతో కాదేమో అనిపించింది" అన్నారు. రెండోసారి ఆవిడ దగ్గరికి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ముఖంలోకి చూసి, "ఈ బూటు వేసుకో నాన్నా" అని ఒక్కసారే చెప్పి, మనసులో ఐదు లెక్కపెట్టింది. ఆయన వేసుకున్నారు. ఎన్ని పేజీల హ్యాండౌట్ ఇచ్చినా ఆ ఐదు సెకన్ల మౌనం నేర్పలేకపోయేదాన్ని.

అయితే ఇది మొదటి వారం పాఠం కాదు. చాలామంది రాగానే "మాట వినడం లేదు, ఎలా దారిలో పెట్టాలి" అంటారు. మీరు మాత్రం ఆటతో మొదలుపెట్టండి. కరోలిన్ వెబ్‌స్టర్-స్ట్రాటన్ రూపొందించిన ‘ఇంక్రెడిబుల్ ఇయర్స్’ అనే పేరెంటింగ్ ప్రోగ్రాంలోనూ ముందు ఆట, మెచ్చుకోలు, ఆ తర్వాతే హద్దులు, క్రమశిక్షణ. రోజుకు పది నిమిషాలు, ఫోన్ పక్కన పెట్టి, పిల్లాడు చెప్పిన ఆట వాడు చెప్పినట్టే ఆడాలి, నేర్పించడాలూ సరిదిద్దడాలూ ఉండకూడదు. మెచ్చుకుంటే "మంచి బాబువి" అని వదిలేయకుండా "పిలవగానే వచ్చావు" అని చేసిన పని పేరు పెట్టి చెప్పాలి. వినడానికి చిన్న విషయంగానే ఉంటుంది కానీ, ఎప్పుడూ తిట్లే వింటున్న పిల్లాడికి ఇది చాలా పెద్ద విషయం.

ఏడ్చినా ఇవ్వకూడదు అన్న పాఠానికి వచ్చేసరికి ఒక హెచ్చరిక ముందే చెప్పండి: మొదట్లో ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం పనిచేయకపోతే వాడు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాడు మరి. ఇది తెలియక చాలామంది మూడో రోజే ఇచ్చేసి, "మా వాడికి ఇవేం పనిచేయవు" అని గ్రూప్ మానేస్తారు. ఆ వారం మధ్యలో ఒకసారి అందరికీ ఫోన్ చేయండి.

రానివాళ్లకు అదే సాయంత్రం ఫోన్ చేయాలి, నిలదీసినట్టు కాకుండా, ఈ వారం చేసింది రెండు ముక్కల్లో చెప్పడానికి. రెండు వారాలు మానేసినవాళ్లు సిగ్గుపడి మూడో వారం ఇంక రారు.

గ్రూప్‌తో తీరని కష్టాలు కూడా ఉంటాయి. భర్త కొడుతుంటేనో, తల్లి డిప్రెషన్‌లో ఉంటేనో, పిల్లాడికి వినికిడి లేదా మాటల ఇబ్బంది ఉందని అనుమానమొస్తేనో ఎవరి దగ్గరికి పంపాలో మొదటి సెషన్‌కు ముందే కనుక్కుని పెట్టుకోండి. ఇక్కడి మాటలు బయటికి పోవని చెప్పేటప్పుడే, పిల్లలకు ప్రమాదం ఉందని తెలిస్తే మాత్రం మీరు ఊరుకోరని కూడా చెప్పేయాలి. తర్వాత చెబితే మోసపోయినట్టు ఉంటుంది.

పని జరిగిందో లేదో తెలియాలంటే, రోజులో అన్నిటికన్నా కష్టమైన సమయం ఏదో, అది పదికి ఎంత కష్టమో మొదటి రోజే ప్రతి ఒక్కరితో రాయించండి, ఆఖరి రోజు మళ్లీ రాయించి రెండు కాగితాలూ పక్కపక్కన వాళ్ల చేతికే ఇవ్వండి. ఆ రోజే నెల తర్వాత మళ్లీ కలిసే తేదీ పెట్టేసుకోండి, ఎవరు ఎవరికి ఫోన్ చేసి గుర్తుచేయాలో జంటలుగా రాసి అందరికీ పంచండి.