జ్వరం లేదని ఊరుకోకండి

మా ఆయనకు కిడ్నీ మార్పిడి జరిగిన మూడో ఏడు, 2022 జనవరిలో కరోనా తగిలింది. పటమటలో మా మేడ మీదా కిందా అందరికీ వారంలో తగ్గింది. ఈయనకి ఏడు వారాలు పట్టింది. కొత్త కిడ్నీని ఒళ్లు తోసేయకుండా వాడే మందులే వైరస్‌ను తరిమే శక్తినీ తగ్గిస్తాయి.

థర్మామీటర్ ఒక్కదాన్నే నమ్మొద్దు. స్టెరాయిడ్ వాడేవాళ్లకి జ్వరం బయటపడకపోవచ్చు. ఈయనకి ఒక్కరోజూ వంద దాటలేదు. కానీ రెండు పెసరట్లు తినే మనిషి ఒకటి సగంలో వదిలేసి లేచిపోయారు. నాకు అనుమానం వచ్చింది అప్పుడే. ఒంట్లో బాగున్న రోజుల్లోనే పల్స్ ఆక్సీమీటర్ పెట్టి మామూలు అంకె రాసి ఉంచుకోండి. జబ్బు చేశాక పొద్దునా సాయంత్రం చూడండి, కూర్చున్నప్పుడొకసారి, వరండాలో నాలుగు చుట్లు తిరిగాక ఒకసారి. 94 కంటే తగ్గితే తెల్లారేదాకా ఆగొద్దు.

జలుబు మొదలైన రోజే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుకు ఫోన్ చేయండి. పాక్స్‌లోవిడ్ లాంటి కరోనా మాత్రలు మొదటి ఐదు రోజుల్లోనే మొదలుపెట్టాలి. పాత మందుల్లో ఏది తగ్గించాలో, ఏది ఆపాలో కూడా డాక్టరే చెప్పాలి.

ఇక నేను చేసిన తప్పు. దగ్గు తగ్గట్లేదని మందుల షాపులో అడిగి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ తెచ్చి వేశాను. మూడో రోజు కాఫీ తాగుతుంటే కప్పు సాసర్లో గలగలలాడింది. చెయ్యి వణుకుతోంది! కొత్త కిడ్నీ కోసం ఈయన వాడే టాక్రోలిమస్‌ను ఆ మందు రక్తంలో పేరుకునేలా చేస్తుందట, వణుకు అందుకే. పాక్స్‌లోవిడ్‌లోని రిటోనవిర్ ఇంకా గట్టిగా చేస్తుంది, అందుకే అది డాక్టరు లెక్క చూసి ఇవ్వాల్సిన మందు. పంపరపనస కూడా పనికిరాదు. గుంటూరు నుంచి మా వదిన తెచ్చిన కాయలు పక్కింటి పిల్లలకిచ్చేశాను. టాక్రోలిమస్ పరీక్షకి పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. మాత్ర సంచిలో పెట్టుకెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి.

ఆర్టీపీసీఆర్ వారాల తరబడి పాజిటివ్ రావచ్చు. మనలాంటివాళ్లకైతే చాలాసార్లు అవి చచ్చిన వైరస్ ముక్కలే. కిడ్నీ మార్పిడి అయినవాళ్లలో మాత్రం బతికున్న వైరస్సే ఉండొచ్చు. పది రోజులయ్యాయి కదా అని గది మార్చకండి, మాస్కు తీయకండి. మాకు కనీసం ఇరవై రోజులన్నారు, ఆపైన పరీక్ష చూసి డాక్టరు చెప్పేదాకా.

పరామర్శకు వచ్చినవాళ్లను గుమ్మం దగ్గరే ఆపండి. నిష్ఠూరాలు తప్పవు. “గుమ్మంలోంచే పంపేశావు, కాయలు మాత్రం పుచ్చుకున్నావు” అని మా వదిన ఇప్పటికీ దెప్పుతుంటుంది.